బంతి చేత నుండగా ఎన్ని అడుగులు?

ఫలక్‌నుమా రైల్వే స్టేషనులో దిగి గుట్టవైపు నడచిపోవువారికి సాయంకాలమున ఒక పాఠశాల ఆవరణ నుండి ఒక కేక తరచుగా వినవచ్చును. "స్టెప్స్! స్టెప్స్!" అని పది గొంతులు ఒక్కుమ్మడిగా అరచును. వెంటనే ఆట ఆగిపోవును, వాదము మొదలగును. నేనొకనాడు ప్రహరీగోడ ప్రక్క నిలిచి ఆ వాదమును ఆసాంతము వింటిని. పదునాలుగేండ్ల బాలుడొకడు బంతిని నేలకు కొట్టుచు పరుగున వచ్చి, దానిని రెండు చేతులతో ఒడిసిపట్టి, అంగలు వేసి ఎగిరి బుట్టలో వేసెను. ఎదుటి పక్షమువారు ఒప్పుకొనలేదు.

"మూడు స్టెప్పులైనయన్నా, లెక్కకు రాదు" అని ఒకడు.

"రెండే. మొదటిది లెక్కల లేదు. టీవీల చూస్తలేవా?" అని బంతి వేసినవాడు.

"జీరో స్టెప్ హై భాయ్" అని మూడవవాడు ఉర్దూలో సాక్ష్యము పలికెను.

ఈల మెడలో వ్రేలాడుచున్న వ్యాయామోపాధ్యాయుడు వయసు మీరినవాడు. "మా కాలంల గిది తప్పే బిడ్డా" అని మాత్రము చెప్పి, ఈల ఊదక, బుట్టను లెక్కింపక, బంతిని మధ్యకు విసరి ఆట సాగించెను. ఆ బాలుని మొగము చిన్నవోయినది. అతడు చేసినది తప్పా, ఒప్పా? ఆ ప్రశ్న నన్ను ఇంటిదాక వెంటాడినది. ఇది పిల్లల తగవని త్రోసిపుచ్చరాదు. అంతర్పాఠశాల పోటీలకు పోవు బాలుడు ఏ అడుగు నేర్చుకొని పోవునో, దానిపైననే అతని ఆట నిలుచును. ఒక ఊరిలో ఒప్పని మెచ్చినదానిని మరియొక ఊరిలో తప్పని ఈల వేసినచో, అతడు నమ్మవలసినది ఎవరిని? దీనికి సమాధానము చెప్పవలెనన్న ఆ ఆట పుట్టిన గదిలోనికి ఒకమారు పోయి రావలయును.

ఆ గుట్టమీది సౌధమునకు 1884లో పునాది పడినది. పాయెగా ప్రభువైన సర్ వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ మేడ పనులు దాదాపు దశాబ్దకాలము సాగినవి. ఆకాశమును చూపునది అను అర్థమున దానికి ఫలక్‌నుమా అని పేరిడిరి. 2010 నుండి అది తాజ్ వారి హోటలుగా నడచుచున్నది. ఆ దశాబ్దకాలములోనే, 1891 డిసెంబరున, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో ముప్పది యేండ్ల ఉపాధ్యాయుడొకడు తల పట్టుకొని కూర్చుండియుండెను. మేడలోని అతిథులకు బిలియర్డ్స్ బల్ల అమరినది. ఆ ఉపాధ్యాయుడు కనిపెట్టిన బంతియాట మాత్రము కాలక్రమమున గుట్ట క్రింది పిల్లలకు దక్కినది.

ఆయన పేరు జేమ్స్ నైస్మిత్, కెనడా దేశీయుడు. వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో వ్యాయామము నేర్పుచుండెను. చలికాలమున బయట మంచు. లోపల పదునెనిమిది మంది పెద్ద విద్యార్థులు. కవాతులును దండెములును వారికి విసుగు పుట్టించినవి. అంతకుముందు ఇద్దరుపాధ్యాయులు ఆ తరగతితో వేగలేక విడిచిపెట్టిరి. పై అధికారియగు లూథర్ గ్యూలిక్ నైస్మిత్‌నకు పదునాలుగు దినములు గడువిచ్చి, నాలుగు గోడల నడుమ ఆడదగిన క్రొత్త ఆటను కల్పింపుమని ఆదేశించెను. ఆయన మొదట బయటి ఆటలనే లోపలికి తెచ్చి చూచెను. ఫుట్‌బాలు తెచ్చినచో కిటికీ అద్దములు పగిలినవి. రగ్బీ తెచ్చినచో ఎముకలు విరుగు ప్రమాదము కనబడినది. పచ్చికపై పడుట వేరు, కఱ్ఱపలకల నేలపై పడుట వేరు.

ఇచ్చట ఆయన చేసిన ఆలోచనను కొంచెము నింపాదిగా చూడవలెను. రగ్బీలో మోటుతనము దేనివలన వచ్చుచున్నది? ఎదుటివానిని పట్టి పడవేయుటవలన. పట్టి పడవేయుట ఏల? వాడు బంతిని చంకన పెట్టుకొని పరుగెత్తుచున్నాడు గనుక. వాడు పరుగెత్తుటకే వీలులేకున్నచో వానిని పడవేయవలసిన పనియే లేదు గదా! ఈ తర్కము తోచినంతనే వ్రేళ్లు చిటికవేసితినని ఆయనయే పిదప తన గ్రంథమున వ్రాసికొనెను. ఆ గ్రంథము ఆయన మరణానంతరము 1941లో వెలువడినది. తల పైభాగమున గురి పెట్టుట యను ఊహ ఆయనకు చిన్ననాడు ఊరిలో ఆడిన రాతియాట నుండి వచ్చినది. బండపై నుంచిన రాతిని దూరము నుండి విసరి కొట్టుట ఆ ఆట. మన ఏడు పెంకులాటకు దూరపు చుట్టమనవచ్చును. పదియడుగుల ఎత్తున నున్న వసారా కమ్మికి పీచిపండ్ల బుట్టలు రెండు కొట్టబడినవి. పదమూడు నియమములు టైపుచేసి పలకపై అంటించిరి. 1892 జనవరి 15వ తేదీన ఆ పాఠశాల పత్రికలో అవి అచ్చుపడినవి.

ఆ పదమూడింటిలో మూడవదియే మన ఫలక్‌నుమా తగవునకు మూలపురుషుడు. దాని తాత్పర్యమిది: బంతి చేతనుంచుకొని ఎవడును పరుగెత్తరాదు, ఎచ్చట పట్టెనో అచ్చట నుండియే విసరవలెను. ఇంతవరకు ఏ తగవును లేదు. కాని నైస్మిత్ మానవ శరీరము నెఱిగినవాడు. వేగముగా పరుగెత్తుచున్నవాడు బంతి చేతికి తగిలినంతనే శిలవలె నిలిచిపోలేడు. కావున, పరుగులో బంతిని పట్టినవాడు ఆగుటకు ప్రయత్నించుచున్నచో వానిపై దయ చూపవలెనని ఆ నియమమునకే తోక తగిలించెను. ఎన్ని అడుగుల దయ? అది చెప్పలేదు. చెప్పక విడిచిన ఆ చిన్న ఖాళీలోనే నూటముప్పదియేండ్ల వాదములును, పుస్తకములును, ఈలలును పుట్టినవి. నియమము ఆటను పుట్టించినది. మినహాయింపు ఆటను పెంచినది.

ఆ తొలి ఆటలో పక్షమునకు తొమ్మండుగురు ఆడిరి; ఒకే ఒక బుట్ట పడినది. నేడు మనము చూచు ఆటకును దానికిని పోలిక తక్కువ. బంతిని నేలకు కొట్టుచు పోవుట నైస్మిత్ నియమములలో కానరాదు. అది ఆటగాండ్ర తెలివి. నలువైపుల శత్రువులు చుట్టుముట్టగా బంతి గలవాడు కదలరాదు, అందించుటకు మిత్రుడు చిక్కడు; అప్పుడు వాడేమి చేయవలెను? బంతిని కావలెననియే జారవిడిచి, లేక దొరలించి, మరల తానే పట్టుకొనసాగెను. బంతి తన చేతిలో లేనప్పుడు తాను కదలినచో తప్పేమి? మూడవ నియమము చేత బంతి యున్నవానిని గూర్చియే చెప్పుచున్నది గదా! ప్లీడరు బుద్ధి యన్న నిట్టిదే. 1890ల చివరి యేండ్లలో యేల్ విశ్వవిద్యాలయపు జట్టు ఈ ఉపాయమును ఒక విద్యగా తీర్చిదిద్దినది. తొలి దినముల బంతి త్రాడుతో కుట్టినది. కుట్టుపై పడినచో ఎటు ఎగురునో దేవునికెఱుక. బంతి నునుపు తేలినకొలది ఈ డ్రిబ్లింగు చురుకెక్కినది.

చెడుగుడు ఆడినవారికి ఇందలి మర్మము సులభముగా బోధపడును. గీత దాటి శత్రువుల నడుమకు పోయినవాడు కూత ఆపకున్నంత కాలమే వానికి అక్కడ తిరుగు హక్కు. ఊపిరి తెగెనా, హక్కును తెగును. బాస్కెట్‌బాల్‌లో బంతి నేలకు తగులు చప్పుడే ఆ కూత. చప్పుడు సాగుచున్నంతవరకు ఎన్ని అడుగులైనను వేయవచ్చును. బంతి చేతికి అంటియుండని క్షణమున అడుగులకు హద్దే లేదు; దీనిని వినినవారు పలువురు ఆశ్చర్యపడుదురు. చప్పుడాగి, బంతి చేతులలో నిలిచిన క్షణమున కూత తెగినట్లే. అటుపిమ్మట దక్కినది ఆ కొలది అడుగుల దయ మాత్రమే.

పెద్దలు ఈ డ్రిబ్లింగును చాలకాలము అనుమానముతో చూచిరి. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో డ్రిబ్లింగు చేసినవాడు తానే బుట్టలో వేయరాదను నిబంధన కొంతకాలము నడచినది. 1927లో అమెరికా నియమ సంఘమువారు బంతిని ఒక్కమారు మాత్రమే నేలకు కొట్టవచ్చునని తీర్మానించిరి. అది నిలిచియున్నచో నేటి ఆట ఉండెడిది కాదు. దానిని ఎదిరించి శిక్షకులనెల్ల కూడగట్టినవాడు కాన్సస్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫాగ్ ఆలెన్. ఈయన సాక్షాత్తు నైస్మిత్ శిష్యుడు. ఆ కలవరమునుండియే అమెరికా శిక్షకుల జాతీయ సంఘము పుట్టినది; తీర్మానము వెనుకకు పోయినది. ఒక ముచ్చట చెప్పవలెను. కాన్సస్ జట్టునకు తొలి శిక్షకుడు నైస్మిత్‌యే. ఆయన కాలమున ఆ జట్టు గెలిచిన ఆటలు 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపులకంటె ఓటములెక్కువగా గల శిక్షకుడు, ఆటను సృష్టించిన ఆయనయే! ఆట నేర్పవలసినది కాదు, ఆడవలసినది అని ఆయన మతము.

మూడవ నియమము తన ఆదిరూపములోనే నిలిచిన చోటును ఒకటి కలదు. స్త్రీల కళాశాలలలో ఈ ఆటను తొలుత ప్రవేశపెట్టిన సెండా బెరెన్‌సన్ అను ఆమె స్మిత్ కళాశాలలో మైదానమును మూడు భాగములు చేసి, బంతిని ఎక్కువసేపు పట్టుకొనరాదని, మూడుమార్లకు మించి నేలకు కొట్టరాదని కట్టుబాట్లు చేసెను. ఇంగ్లాండునకు పోయిన శాఖ నుండి నెట్‌బాల్ పుట్టినది. దానిలో బంతిని కొట్టుచు పోవుట నేటికిని లేదు. దిగిన కాలు ఎత్తినచో బంతి విడువక ముందు మరల మోపరాదు. నైస్మిత్ మొదటి దినమున కోరిన ఆట ఎట్లుండెడిదో చూడగోరువారు బాలికల నెట్‌బాల్ చూచిన చాలును. హ్యాండ్‌బాల్ మాత్రము మరియొక దారి త్రొక్కి, మూడడుగులు తీసికొమ్మని స్పష్టముగా అంకె చెప్పినది.

1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలలో ఈ ఆటకు తొలిసారి పతకములిచ్చిరి. నాలుగేండ్లకు ముందు, 1932లో జెనీవాలో, అంతర్జాతీయ సంఘము ఏర్పడియుండెను. వృద్ధుడైన నైస్మిత్ స్వయముగా పోయి ఆ పోటీలను చూచెను. కాని జర్మనులు ఆటను బయట, టెన్నిసు మైదానముల మట్టిపై నడిపిరి. అంత్య పోటీనాడు వాన కురిసినది. బురదలో బంతి ఎగురునా? కొట్టిన బంతి అచ్చటనే అంటుకొనిపోయెను. ఆటగాండ్రు గత్యంతరము లేక నిలిచినచోటి నుండియే బంతి విసరుకొనిరి. అమెరికా 19, కెనడా 8. నలువది నిమిషముల ఆటలో రెండు పక్షములకును కలిపి 27 అంకములు! పుట్టించినవాని కన్నులయెదుట ఆట ఒక్కనాటికి 1891కి తిరిగిపోయినదన్నమాట. నేలను బట్టి అడుగు, అడుగును బట్టి ఆట.

మన దేశమునకు ఈ ఆట వచ్చిన త్రోవ దూరమైనది కాదు. నైస్మిత్ తొలి తరగతిలోని విద్యార్థియు, తొలి రెండు జట్లలో ఒకదానికి నాయకుడును అయిన డంకన్ ప్యాటన్ అను కెనడావాడు 1890లలోనే వై.ఎం.సి.ఏ. పక్షమున హిందూదేశమునకు వచ్చెను. అదే తరగతిలోని ఇషికావా అను జపానువాడు తన దేశమునకు కొనిపోయెను. కాని దక్షిణాదిన ఆట వేరూనినది మదరాసులో. హ్యారీ క్రో బక్ 1920లో అక్కడ స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల పేరు వినని తెలుగు డ్రిల్లు మాస్టరు ఆ తరములో అరుదు. సైదాపేటలో చదివి వచ్చినవాడన్నచో పాఠశాలలో ఒక గౌరవము. ఈలతోపాటు నియమముల పుస్తకమును జేబులో పెట్టుకొని వారు తెలుగునాట పాఠశాలలకు, సికిందరాబాదు వై.ఎం.సి.ఏ. వంటి చోట్లకు ఈ ఆటను చేర్చిరి. జాతీయ పోటీలు 1934లో మొదలైనవి. బాస్కెట్‌బాల్ ఫెడరేషను 1950లో ఏర్పడినది. మన పురుషుల జట్టు ఒలింపిక్ ముఖము చూచినది ఒక్కసారి, 1980లో మాస్కోలో.

హైదరాబాదు పాత పాఠశాలలలో ఆటస్థలమన్న మొరము నేలయే. నేనును అట్టి నేలపైననే నేర్చినవాడను. మా మాస్టరుగారు సున్నముతో నేలపై ఒక చిన్న వలయము గీసి, అందు ఎడమకాలి ముందరి భాగము నుంచుమని, "ఈ కాలు మేకు, ఆ కాలు త్రాడు" అనెడివారు. గంటసేపు బంతియే ఇచ్చెడివారు కారు. మేకు చుట్టు తిరుగుటయే పాఠము. మొరముపై ఆగబోయినవాడు జారును; జారినచో మేకు కదలును; మేకు కదలినచో ఈల మ్రోగును. కఱ్ఱనేలపై నేర్చినవానికి లేని జాగ్రత్త మాకు దానివలన అబ్బినది. ముందుగానే మోకాళ్లు వంచి, రెండు పాదములను ఒక్కసారి దించి ఆగుట మాకు శాస్త్రము కాదు, ఆత్మరక్షణ.

ఇక నేటి అంతర్జాతీయ నియమము ఏమి చెప్పుచున్నదో చూతము. శ్రోతలు కావలెనన్న ఇంట నిలిచి ఒక బత్తాయిపండు చేతపట్టి చేసి చూడవచ్చును. రెండు కాళ్లు నేల నుండగా బంతి అందినచో ఏ కాలు ముందు లేచునో, దాని జతకాలు ఇరుసగును. దీనినే ఆటగాండ్రు పివట్ అందురు. ఇరుసు కాలు ఉన్నచోటనే తిరుగవచ్చును; జరుగరాదు, జారరాదు. రెండవ కాలిని మాత్రము వృత్తలేఖిని కొన వలె ఎన్నిమార్లైనను, ఎటైనను వేయవచ్చును. ఎదుటివాడు మీదకు వచ్చి నిలిచియుండగా ఐదు సెకన్లకు మించి ఈ నృత్యము చేయరాదు, అంతే.

ఇచ్చట చూపరులు తరచు పొరబడుదురు. ఇరుసు కాలు లేచినంతనే తప్పైపోయెనని కేకవేయుదురు. అది సరికాదు. బంతిని అందించుటకో, బుట్టలో వేయుటకో ఆ కాలిని ఎత్తవచ్చును, ఎగురవచ్చును. ఆ కాలు మరల నేలను ముట్టకముందే బంతి చేయి విడిచిన చాలును. మన ఆడపిల్లలు తొక్కుడు బిళ్ళలో ఒంటికాలిపై గెంతుచు, ఎత్తిన కాలు నేల తాకెనా ఓడిపోయెననుటలో గల నీతియే ఇది: ఎత్తుట తప్పు కాదు, దించుట తప్పు. కాని డ్రిబ్లింగు మొదలుపెట్టువానికి ఈ దయ లేదు. బంతి చేయి విడిచిన పిదపనే ఇరుసు కాలు లేవవలెను. కొట్టబోవు తొందరలో వెనుక కాలు ముందుగా లేచిపోవుట మన పాఠశాలల పిల్లలలో మిక్కిలి తరచుగా కనబడు దోషము. పెద్దగా కేకలు వేయబడని దోషమును ఇదియే.

పరుగులో బంతి పట్టినవానికి, లేక డ్రిబ్లింగు ముగించినవానికి, రెండడుగులు. మొదటి అడుగున రెండు పాదములు ఒక్కసారి దిగినచో ఏ కాలినైనను ఇరుసుగా ఎన్నుకొనవచ్చును. ఒక పాదము ముందు, ఒకటి వెనుక దిగినచో ముందు దిగినదే ఇరుసు. మొదటి అడుగు ఒంటికాలితో వేసి, దానినుండి ఎగిరి రెండు పాదములతో దిగినచో రెండడుగులును తీరినవి. ఇక ఏ కాలితోను తిరుగ వీలులేదు. ఒకే పాదమును వరుసగా రెండుమార్లు మోపుట, అనగా కుంటుట, తప్పు. పడిపోయినవాని సంగతియు వ్రాసిరి. బంతితో జారిపడి, పడిన ఊపున జారుచు పోయినచో తప్పు లేదు. బంతిని విడువక దొర్లినను, లేవబోయినను తప్పు.

అంతా స్పష్టముగనే యున్నది గదా, మరి ఫలక్‌నుమా తగవు ఎక్కడిది? అడుగులను లెక్కపెట్టుట అందరికిని తెలియును. ఎక్కడ నుండి లెక్క మొదలిడవలెనో అందు చిక్కున్నది. బంతి చేతులలో నిలిచిన ఆ క్షణమున ఒక పాదము అప్పటికే నేలపై ఉన్నదనుకొనుడు. అది మొదటి అడుగా? పాత ఉపాధ్యాయులలో చాలమంది అదియే మొదటిదని నేర్పిరి. అమెరికా వృత్తిజట్ల సంఘమువారు రెండడుగులు వేయవచ్చునని 2009లో స్పష్టముగా పుస్తకమున కెక్కించిరి. బంతిని చేతులలోనికి తీసికొను క్షణమేదో 2019లో మరింత విడమరచిరి. అంతర్జాతీయ సంఘమువారు 2017 అక్టోబరు 1 నుండి తమ నియమమును మార్చిరి. దాని ప్రకారము కదలుచున్నవాని చేత బంతి నిలిచిన క్షణమున నేలపై నున్న పాదము లెక్కలోనికి రాదు. దానినే జనులు సున్న అడుగు అనుచున్నారు. ఆ పిమ్మట దిగునది ఒకటి; ఆ పిమ్మటిది రెండు. చూచువాని కంటికి మూడు పాదములు నేలను తాకినట్లే యుండును; పుస్తకము రెండని చెప్పును. ఐతే పరుగులో బంతి అందుకొని డ్రిబ్లింగు ఆరంభించువాడు రెండవ అడుగు పడకముందే బంతిని విడువవలెనను షరతును జతచేసిరి.

ఈ మార్పును చూచి ఆట చెడిపోయెనని నిట్టూర్చు పెద్దలు కలరు. నాకు వారియందు గౌరవమున్నను వారితో ఏకీభవింపజాలను. లిథువేనియా ఆటగాడు మార్చులియోనిస్ 1989లో అమెరికా వృత్తి ఆటలోనికి వచ్చి మొదటి అడుగు ఒకవైపు, రెండవ అడుగు మరియొకవైపు వేసి ఎదుటివానిని తప్పించుకొనుచుండగా చూచినవారు దిగ్భ్రమ చెందిరి. లాగోస్ నగరమున హ్యాండ్‌బాలును, ఫుట్‌బాలు గోల్‌కీపరు పనియు నేర్చి వచ్చిన ఒలాజువాన్ ఇరుసు కాలిని కదలనీయకయే ఎదుటి ఆజానుబాహువులను అటునిటు త్రిప్పెను. ఇరువురును నియమమును మీరినవారు కారు. నియమములో ఎంత చోటున్నదో కనిపెట్టినవారు. పరుగెత్తువాడు తటాలున ఆగలేడని 1892లోనే ఒప్పుకొనిరి. ఆ ఒప్పుకోలునకు నూరేండ్లు దాటిన పిదప ఒక అంకె దొరకినది. దయ కొలతలోనికి వచ్చినదేగాని క్రొత్తగా పుట్టలేదు.

ఐనను ఒక ఫిర్యాదు నాకును కలదు. దూరదర్శనములో అమెరికా ఆట చూచి నేర్చుకొను బాలునికి, అక్కడి పుస్తకము వేరు, మన పోటీలలో నడచు అంతర్జాతీయ పుస్తకము వేరు అని చెప్పువారు లేరు. పైగా రెప్పపాటులో జరుగు దానిని రిఫరీ తన రెండు కన్నులతోనే చూడవలెను. మంచి రిఫరీ బంతిని కాక పాదములను చూచుననియు, బంతి ఎప్పుడు చేత నిలిచెనో ముందు గుర్తించి అక్కడనుండి లెక్కించుననియు అనుభవజ్ఞులు చెప్పుదురు. తెలియనిచో ఈల ఊదరాదని వారు చెప్పు మాట నాకు నచ్చినది. బంతిని అరచేతిలో బోర్లించి మోయుట ట్రావెలింగు కాదు, డ్రిబ్లింగు దోషము. ఈ రెంటిని కలిపి ఈల వేయువారిని నేను పలుచోట్ల చూచితిని.

వారము తరువాత మరల ఆ ఆవరణ ప్రక్కగా పోయితిని. ఈమారు లోపలికి పోయి ఆ వృద్ధ ఉపాధ్యాయునితో ఈ సంగతులన్నియు విన్నవించితిని. ఆయన కోపపడలేదు. నియమముల క్రొత్త ప్రతిని ఒక పూర్వ విద్యార్థి ఫోనులో తెచ్చి చూపెనని, తాను చదివితినని చెప్పెను. పిదప ఆ బాలుని పిలిచి, "ఏదీ, మల్ల చేసి చూపియ్యి బిడ్డా, మెల్లగ" అనెను. బాలుడు బంతి కొట్టుచు వచ్చెను. ఆయన బంతివంక చూడలేదు. నడుము వంచి, మోకాళ్లపై చేతులూని, వాని పాదములనే చూచెను. బంతి చేత నిలిచినది. కుడికాలు నేలపై నున్నది. ఆయన పెదవులు కదలినవి: సున్న. ఎడమకాలు దిగినది: ఒకటి. కుడికాలు మరల దిగినది: రెండు. బాలుడు గాలిలోనికి లేచెను. బంతి ఇనుప వలయమునకు తగిలి బయట పడినది.

"అడుగు మంచిగనే ఉన్నది. బుట్టల పడకపోతె నేనేం జేయాలె" అని ఆయన నవ్వి బంతిని మరల వానికి అందించెను.